ఆరో ఇంటి ట్యాంకు

1409వ రోజు

ముల్లు ఆరున్నర. పొయ్యిలో మంట నీలం, అంచున కాస్త పసుపు. బుడగలు నిమిషానికి ఇరవై రెండు. మూత రబ్బరు బాగుంది. తుంగమడిలోకి పోయే నీళ్ళు తేటగా ఉన్నాయి.

చట్టం అడిగేది ఇంతే. కానీ నేను మొదటి రోజు నుంచీ నాలుగు మాటలు ఎక్కువే రాస్తున్నాను. తనిఖీకి వచ్చే తులసీరావు గారు "ఇది ట్యాంకు పుస్తకమా, మీ ఇంటి భారతమా అమ్మా?" అని రెండుసార్లు వెక్కిరించారు. ఇంట్లో నేను చెప్పింది చెప్పినట్టు వినేది ట్యాంకు ఒక్కటే. దాని పుస్తకంలో కాక ఇంకెక్కడ రాసుకోను?

మా వరసలో ఏడిళ్ళు, ఏడూ స్తంభాల మీదే. రోజుకు రెండుసార్లు సముద్రప్పోటు వచ్చి మూడో మెట్టు దాకా తడిపి పోతుంది. గొయ్యి తవ్వడానికి నేల లేదు కాబట్టి ప్రతి ఇంటి వెనకా దిమ్మె మీద ఒక ట్యాంకు. ఇంట్లోంచి పోయేదంతా అందులోకే. లోపల వేసిన తోడు దాన్ని తిని పొయ్యికి గ్యాసు, తుంగమడికి నీళ్ళు ఇస్తుంది. ఏడు మళ్ళ నీళ్ళూ వడకట్టుకుని ఒకే కుంటలో చేరతాయి. మేం ఏడిళ్ళవాళ్ళం తాగేది ఆ కుంట నీళ్ళే. అందుకే ఒకరి ట్యాంకు సంగతి ఇంకొకరికి పట్టకుండా ఉండదు.

తోడు బలం చూపే ముల్లు మా ట్యాంకు మీద మూడున్నరేళ్ళుగా ఏడు నుంచి కదల్లేదు. ఏడు రోజుల కిందట, 1402న, అరగీత దిగింది. "వానల వల్ల" అని రాశాను. వానలు పోయాయి, ముల్లు మాత్రం ఎక్కలేదు.

ఇవాళే నాలుగో ఇంటి మరిడమ్మ వదిన వచ్చింది. మా ఆయనకు అక్క వరస. ఆవిడ మేనకోడలు, కొత్త పెళ్ళికూతురు, దిగువ మెరకలో కాపురం పెడుతోంది. కొత్త ట్యాంకులో వేయడానికి తోడు మా ఇంటి నుంచే కావాలట.

"ఏడిళ్ళలోనూ నీ ట్యాంకే మేలైందని అందరూ అన్నారు. నీ పుస్తకంలో పద్నాలుగు వందల ముప్ఫయ్యో రోజుకి బిందె తీసుకొత్తాం. ఓ దోసెడు పొయ్యి చాలు" అంది.

సంతోషమేసింది. పెరుగు తోడుకి ఎవరింటికైనా పోతారు గానీ ట్యాంకు తోడుకి ఎంచి ఎంచి పోతారు. ఆవిడ వెళ్ళాక ముల్లు దగ్గరకు వెళ్ళి మళ్ళీ చూశాను. ఆరున్నరే.

1412వ రోజు

ముల్లు ఆరు. బుడగలు ఇరవై.

ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను, మా ఆయన పెద్దిరాజు. ఈ ట్యాంకులోకి ఏం పోతుందో నాకు తెలియకుండా పోదు. నూనె పోయనివ్వను. పసుపు నీళ్ళు పోయనివ్వను. కొత్త సబ్బు వస్తే మొదటి వారం పావు ముక్క, రెండో వారం సగం, ఆ తరవాతే మొత్తం. తోడుకు కొత్తదేదైనా కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి, ఒకేసారి మీద పడేస్తే బెదిరిపోతుంది. ఈ పద్ధతి వరస మొత్తానికి నేర్పింది నేనే. ఈమధ్య కొత్త సబ్బు కూడా రాలేదు.

మా ఆయన పడవల మోటార్లు బాగుచేస్తాడు. చేతులకు ఆయిలుంటుంది కదా అని ఇవాళ అడిగాను.

"మావా, రేవులోనే కడుక్కుంటన్నావా, ఇక్కడికొచ్చి కడుగుతున్నావా?"

"రేవులోనే కడుక్కుంటన్నానే తల్లీ. నన్ను దొంగని చూసినట్టు చూడకు. వానలకి దానికి జలుబు చేసుంటాది" అన్నాడు. అంటూ తనే దగ్గాడు. మోటారు పొగ ఆయన గొంతులో ఎప్పుడూ ఉండేదే.

గంజిలో బెల్లం కలిపి ట్యాంకులో పోశాను. నీరసంగా ఉన్న తోడుకు అదే పథ్యం.

రెండో ఇల్లు గుర్తుకొస్తోంది. అక్కడి ముసలాయన పోయాక ముసలమ్మ ఒక్కతే మిగిలింది. ఒక్క మనిషి వాడకం తోడుకు చాలదు. నలభై రోజుల్లో ముల్లు మూడుకు పడిపోయింది, ఇల్లు మూసేశారు. ఆవిడ ఇప్పుడు ఎగువన రేకుల షెడ్డులో ముప్ఫై మందితో ఉంటోంది. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. ఏ కారణం చేత ముల్లు దిగినా సరే, ఇల్లు పోవడం ఒకటే. నాకు భయంగా ఉంది.

1415వ రోజు

ముల్లు అయిదు. మంట పసుపు. అన్నం ఉడకడానికి మామూలుకు రెట్టింపు సమయం పట్టింది.

నేను ఇవాళ ఒక తప్పు మాట అన్నాను. తప్పో ఒప్పో ఇంకా తెలియదు గానీ, అన్నాను.

రెండు రోజులు ఆలోచించగా తేలిందేమిటంటే, పోయిన నెలలో మా మరుగుదొడ్డి వాడిన బయటి మనిషి మరిడమ్మ వదిన ఒక్కతే. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. గట్టి మందులు వేసుకున్న మనిషి ఇంట్లో ట్యాంకు వాడకూడదు, ఆ మందు ఒంట్లోంచి ట్యాంకులోకి దిగి తోడును చంపేస్తుంది. అందుకే అలాంటి జబ్బు వస్తే ఎగువ కొండ మీది మందులింటికి పంపిస్తారు. నయమయ్యేదాకా నాలుగు నెలలో ఆరు నెలలో అక్కడే.

ఆవిడ బిందెకు కొత్త మూత చేయించానని చూపించడానికి వచ్చింది. నేను ఆగలేకపోయాను.

"వొదినా, ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. మోకాళ్ళకేవన్నా మందేసుకుంటన్నావా?"

"లేదే. నువ్వులనూని రాత్తన్నాను. ఏం?"

"ఏం లేదు. పోయిన నెల మా ఇంట్లో ఓ రెండుసార్లు ఎళ్ళేవు కదా, అందుకని."

ఆవిడకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. బిందె కింద పెట్టింది.

"ఓసి నీ సంబడం! నీ ట్యాంకు నేను పాడుచేసేననా? నా మేనకోడలికి తోడడిగింది నేను. నా కొంప నేనే ముంచుకుంటానా? నీ ఇంట్లో మనుసుల్ని అడిగేవా ముందు?"

"మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదొదినా."

"ఇద్దర్నీ అడిగేవా అంటన్నాను" అని, బిందె తీసుకుని చెక్కవంతెన మీద దడదడా నడిచి వెళ్ళిపోయింది.

మా ఆయన లోపలే ఉన్నాడు, అంతా విన్నాడు. మామూలుగా అయితే "నీ నోటికి తాళం లేదే" అని ఓ గంట నస పెట్టేవాడు. ఇవాళ ఏమీ అనలేదు.

1418వ రోజు

ముల్లు నాలుగున్నర. బుడగలు పదకొండు. కుళ్ళిన గుడ్ల వాసన మొదలైంది.

నాలుగు కిందికి దిగితే మూత దానంతటదే బిగుసుకుంటుంది. కబురు దానంతటదే తులసీరావు గారి పడవకు పోతుంది. ఆపైన మాట్లాడేదేమీ ఉండదు. ఆయన మామూలు తనిఖీ 1421న ఉంది. మూడు రోజులు.

గంజి పోశాను, బెల్లం పోశాను. మడిలోకి పోయే గొట్టానికి గుడ్డ అడ్డం కట్టి, నీళ్ళు మెల్లగా పోయేలా చేశాను. గంటకోసారి వచ్చి ముల్లు ముందు నిలబడుతున్నాను. పొద్దున్న ఐదో ఇంటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మా గుమ్మం దాటింది. చూడనట్టే దాటింది.

అన్నం దగ్గర మా ఆయన రెండు ముద్దలు తిని లేచాడు. నాకు ఆ ముద్దల మీద ధ్యాస లేదు. ఇద్దరి వాడకమే తక్కువవుతోంటే తోడుకు తిండెక్కడిది అని మాత్రం అనుకున్నాను. రాశాక ఈ వాక్యం చదువుకుంటే సిగ్గుగా ఉంది, కానీ కొట్టేయను.

1419వ రోజు

ముల్లు నాలుగుంపావు.

ట్యాంకుతో పాటు ఇచ్చిన పెట్టెలో మందు చీటీలు పదున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కటీ వాడలేదు. ట్యాంకు నీళ్ళలో ముంచితే చీటీ తెల్లగా ఉంటే మందు లేనట్టు, ఊదా రంగుకు తిరిగితే ఉన్నట్టు. పొద్దున్న ఒకటి ముంచాను. మరిడమ్మ వదిన ముఖాన కొట్టొచ్చు అనే ఉద్దేశంతోనే ముంచానని రాయడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఊదా రంగుకు తిరిగింది.

కానీ వదిన మా మరుగుదొడ్డి వాడి నెల దాటుతోంది. ఒకటి రెండుసార్లు వాడినదానికి అంత ముదురు రంగు రాదు. రోజూ దిగుతున్న మందు అది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను వేసుకోవడం లేదు.

గదిలోకి వెళ్ళాను. పట్టపగలు మంచం మీద పడుకుని ఉన్నాడు. చొక్కా తీసేసి ఉన్నాడు. భుజాల దగ్గర ఎముకలు అన్నీ కనిపిస్తున్నాయి. గంటకోసారి ముల్లు చూసేదాన్ని, ఈ మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలియలేదు.

చీటీ ఆయన ముఖం ముందు పెట్టాను. "ఏంటిది మావా?"

చూసి లేచి కూచున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, దగ్గు వచ్చి ఆగిపోయాడు. తరవాత మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె లాగి, అడుగున ఉన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. తెల్ల బిళ్ళలు. కొన్ని సగానికి విరిచి ఉన్నాయి.

"ఎగువ రేవులో ఒకడిచ్చేడు. మందులింట్లో ఉండొచ్చినోడు. ఆడిదీ ఇదే దగ్గంట. ఇయ్యే బిళ్ళలంట."

"మరి నువ్వూ ఎళ్ళాలి గదా మందులింటికి! దాచుకుంటావా?"

"నేనెళ్తే ఇంట్లో నువ్వొక్కద్దానివే. నలభై రోజుల్లో ముల్లు దిగిపోద్ది, నిన్ను రేకుల షెడ్డులో పడేత్తారు. నేను తిరిగొచ్చేతలికి ఇల్లుండదు. అందుకనే చెప్పలేదు."

"ఈ సగాలేంటి?"

"నువ్వు సబ్బుకి చేత్తావు చూడు, అలాగే. మొత్తం వేసుకుంటే ట్యాంకు చచ్చిపోద్ది గదా. పొద్దున్న సగం, సాయంత్రం సగం. కొంచెం కొంచెంగా అలవాటు చేత్తే తట్టుకుంటాదనుకున్నాను." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీ పద్ధతేనే సుగుణా."

చెంప మీద ఒక్కటి ఇద్దామనుకున్నాను. కొట్టలేదు, పక్కన కూలబడి ఏడ్చాను. కోపమూ ఏడుపూ రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు. అంతే, పది."

తరవాత ఇద్దరం కూచుని నిర్ణయం చేసుకున్నాం. ఇవాళ్టి నుంచి బిళ్ళ మొత్తం వేసుకోవాలి. మరుగుదొడ్డి కాకుండా మూత ఉన్న బకెట్టు వాడాలి, దాన్ని సున్నంతో నేను చూసుకుంటాను. తనిఖీ కానివ్వాలి. తోడు ఇచ్చే రోజు కానివ్వాలి. ఆ తరవాత ఏదో ఒకటి. ఇంటి గుట్టు లంకకు చేటంటారు, వదినకు కూడా చెప్పకూడదనుకున్నాం. ఇలా అనుకున్నది నేనే. ఆయన ఊ కొట్టాడు.

1421వ రోజు

ముల్లు అయిదున్నర!

నిన్న పొద్దున నాలుగున్నర, సాయంత్రానికి అయిదు, ఇవాళ అయిదున్నర. మంట నీలానికి తిరుగుతోంది. వాసన తగ్గింది. మూత మీద చెయ్యేసి నిమిరాను, పాడి గేదెను నిమిరినట్టు. మా ఆయన గుమ్మంలోంచి చూసి నవ్వాడు.

తులసీరావు గారి పడవ మధ్యాహ్నం వచ్చింది. ముల్లు చూశారు, పుస్తకం పైపైన తిప్పారు.

"వానలకి అందరివీ దిగేయమ్మా. మీది అప్పుడే లేత్తంది, చెయ్యి మంచిది" అన్నారు. మందు చీటీ అడగలేదు. మా ఇంట్లో ఆయన ఎప్పుడూ అడగలేదు. నేను టీ ఇచ్చాను, గట్టెక్కానని అనుకున్నాను.

టీ తాగుతూ ఆయన తన ఆలస్యానికి కారణం చెప్పారు. దిగువ పాయలో ఒక వరసను మొత్తం ఖాళీ చేయించి వస్తున్నారట. పదకొండు ఇళ్ళు.

"ట్యాంకులు చచ్చిపోయేయాండీ?" అని అడిగాను.

"చత్తే నయమేనమ్మా. చచ్చిన ట్యాంకు కడిగి కొత్త తోడేసుకోవచ్చు. ఇది చావలేదు. ఎవడో దొంగచాటుగా మందు వేసుకున్నాడు, అదీ సగం సగం. ముల్లు దిగిందంట, మళ్ళీ దానంతటదే లేచిందంట. ఆళ్ళు సంబరపడ్డారు. నేనెళ్ళి చూత్తే చీటీ ఊదారంగు, ముల్లు ఏడు మీద. మందులో నానుతూ హాయిగా బతుకుతోందన్నమాట. మందుని ఓడించటం నేర్చేసుకుంది. ఆ నేర్పు పక్కనున్న రోగపు పురుగులక్కూడా అంటించుద్ది. ఆ తోడు నాలుగిళ్ళకిచ్చేరు, ఆ నీళ్ళు పదకొండిళ్ళోళ్ళూ తాగేరు. ఇప్పుడా వరసలో జొరమొత్తే ఏ బిళ్ళా పనిచెయ్యట్లేదు. పిల్లలిద్దరు పోయేరు."

టీ గ్లాసు ఆయన ఖాళీ చేసి ఇస్తే అందుకుని, కడిగి బోర్లించాను.

ఆయన వెళ్ళిపోయారు. నేను ఏమీ చెప్పలేదు.

1422వ రోజు

ముల్లు ఆరుంపావు. మంట పూర్తిగా నీలం.

పెట్టెలోంచి ఇంకో చీటీ తీసి ముంచాను. ముంచేముందు మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బకెట్టు పెట్టి మూడు రోజులే అయింది, ట్యాంకులో నీళ్ళు పూర్తిగా మారడానికి నలభై రోజులు పడుతుంది, కాబట్టి లోపలి మందు లోపలే ఉంటుంది. చీటీ ఊదా రంగుకు తిరుగుతుందని నాకు తెలుసు. అయినా తెల్లగా రావాలని చూశాను.

ఊదా. మొన్నటిదానికంటే తక్కువేమీ కాదు.

అంటే తోడు కోలుకోవడం మందు పోయినందువల్ల కాదు. మందును ఓర్చుకోవడం వచ్చింది కాబట్టి. పావు, సగం, మొత్తం. నా పద్ధతే.

మా ఆయనకు చూపించి, తులసీరావు గారు చెప్పింది చెప్పాను. చీటీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత, "తోడు ఇవ్వొద్దులే. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందాం. ట్యాంకు బాగోలేదందాం" అన్నాడు.

"మడిలోకి నీళ్ళు పోతానే ఉన్నాయి మావా. తోడు ఇవ్వకపోతే సరా? ఇయ్యాల కూడా పోతన్నాయి. ఏడిళ్ళోళ్ళూ తాగుతున్నారు."

"మడి వడగడుద్ది గదే."

"దిగువోళ్ళకి మాత్రం మడి లేదా?"

ఆయన జవాబు చెప్పబోయి దగ్గాడు. తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మడిచి పక్కన పెట్టబోతే లాక్కుని చూశాను. నెత్తురు.

బిళ్ళ మొత్తం వేసుకోవడం మొదలుపెట్టి మూడు రోజులైంది. తగ్గవలసింది తగ్గలేదు, పెరిగింది. ట్యాంకు నేర్చుకున్నదే ఆయన ఛాతీలోని పురుగు కూడా నేర్చుకుంది కాబోలు. రెండు చోట్లా సగం సగమే కదా పడింది. ఇంతసేపూ ఇల్లు పోతుందని భయపడుతున్నాను. పోయేది ఇల్లు కాదు.

మడి గొట్టం మూత తిప్పి బిగించేశాను. ట్యాంకు పొంగడానికి ఒక రోజు పడుతుంది.

1423వ రోజు

ముల్లు ఉదయం ఆరున్నర. మధ్యాహ్నం సున్నా.

పొద్దున్నే నాలుగో ఇంటికి వెళ్ళాను. మరిడమ్మ వదిన బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టలేదు, రమ్మనలేదు. నిలబడే చెప్పాను. మందు సంగతి, సగం బిళ్ళలు, ఊదా చీటీ, తులసీరావు గారిని చూస్తూ చూస్తూ వెళ్ళనిచ్చిన సంగతి, అన్నీ. ఆవిడ మీద నింద వేసినందుకు క్షమించమని కూడా అన్నాను. ఆ మాట చివర్లో అన్నాను, ముందు అనాల్సింది.

వదిన చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి.

"ఈ నీళ్ళేనే మా ఇంట్లో పసిదానికి పొద్దున్న పట్టింది" అంది. తిట్టలేదు. అదే తట్టుకోలేకపోయాను. తరవాత లేచి కొంగు బిగించుకుంది. "పద. ఏడిళ్ళోళ్ళనీ పిలుద్దాం. దాచిపెట్టి చంపితే అదొక పుకారు. అందరి ముందూ చంపు."

బ్లీచింగు రెండు బస్తాలు ఏడిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న వరస గదిలో ఉంటాయి. ట్యాంకును చంపవలసి వస్తే ఆ ఇంట్లో పుస్తకం రాసే మనిషే తన చేత్తో పోయాలి, అది మా దగ్గర పద్ధతి. అందరూ వంతెన మీద నిలబడ్డారు. నేను మూత తీశాను. లోపల ఎంత ఆరోగ్యంగా ఉందో! నురగ లేదు, వాసన లేదు, బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. పద్నాలుగు వందల ఇరవై మూడు రోజులు గంజి పోసి పెంచాను. దానికేం తెలుసు? బతకమంటే బతికింది.

మొదటి బస్తా పోసేటప్పుడు, బ్లీచింగు ఘాటుకే నా కళ్ళలో నీళ్ళొచ్చాయనుకున్నారు అందరూ. రెండోది ఎత్తలేకపోతే ఐదో ఇంటావిడ వచ్చి బస్తా అడుగున చెయ్యి వేసింది. పోసింది మాత్రం నేనే, మూత మళ్ళీ వేసిందీ నేనే. మంట ముందు పసుపయింది, తరవాత చిన్నదయింది, పొయ్యి ఆరింది. ముల్లు దిగుతూ దిగుతూ నాలుగు దాటగానే మూత దానంతటదే బిగుసుకుంది.

రెండు గంటల్లో తులసీరావు గారి పడవ వచ్చింది. కుంట నీళ్ళు పట్టుకుని చీటీలు ముంచారు. తెల్లగానే ఉన్నాయి. "అంతమాత్రాన ధైర్యం చెప్పలేను. పురుగు చీటీకి కనపడదు. నలభై రోజులు కాచుకుని తాగండి, పిల్లలకి జొరమొత్తే గంటలో కబురు పెట్టండి" అని చెప్పారు. నా వైపు తిరిగి, "మొన్న నేను టీ తాగుతుండగానే మీకు తెలుసా అమ్మా?" అని అడిగారు. తెలుసన్నాను. ఇంకేమీ అడగలేదు.

మా ఇంటికి సీలు వేశారు. మళ్ళీ ఇస్తారో లేదో ఆయన చేతిలో లేదట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకుంటూ గుడ్డలు మూట కట్టుకున్నాను.

మెట్ల దగ్గర మరిడమ్మ వదిన ఎదురొచ్చింది. "మా ట్యాంకు నలుగురిది. మేం ముగ్గురం. రా, పడుందువుగాని" అంది. అని, "మాట్టాడించకు నన్ను మాత్రం. ఇంకా కోపం పోలేదు" అని ముందు నడిచింది.

1424వ రోజు

ట్యాంకు లేదు. ముల్లు రాయడానికి లేదు. ట్యాంకు చావుకు కారణం అని పుస్తకం చివర ఒక గడి ఉంటుంది. అందులో "నేనూ, నా భర్తా" అని రాశాను.

పడవ రేవులో ఉంది. మా ఆయన ఎక్కి కూచున్నాడు. నన్ను రానివ్వరు, రోగులను మాత్రమే తీసుకెళతారు. పుస్తకం తులసీరావు గారి ఆఫీసుకు పోవాలి. కానీ ఆయన్ని బతిమాలి, ఇది ముందు మందులింటి డాక్టరు గారికి చేరేలా ఒప్పించాను. ఇకపై రాసేది మీకు.

డాక్టరు గారూ, నమస్కారం. మీకు పంపుతున్న మనిషి పేరు పెద్దిరాజు, వయసు యాభై ఒకటి. ఎన్నాళ్ళ నుంచి మందు వేసుకుంటున్నావని అడిగితే పద్నాలుగు వందల తొమ్మిదో రోజు నుంచి అని చెబుతాడు. నాకూ అలాగే చెప్పాడు. అది నిజం కాదు. నిన్న మధ్యాహ్నం ఈ పుస్తకం మొత్తం వెనక్కి తిప్పాను. ముల్లు మొదట దిగింది 1402న. అంతకు రెండు రోజుల ముందే, 1400న, బుడగలు ఇరవై ఆరు నుంచి ఇరవై నాలుగుకు తగ్గాయి. అంతకు ముందు రోజు అలాంటిదేమీ లేదు. కాబట్టి బిళ్ళ మొదట పడింది 1399న. ఈ పేజీలు ముందు పెడితే తల దించుకుని అవునన్నాడు. 1399 సాయంత్రం నుంచి 1419 పొద్దున్న దాకా ఇరవై రోజులు, పూటకు సగం చొప్పున నలభై సగం బిళ్ళలు. 1419 సాయంత్రం నుంచి మొత్తం బిళ్ళలు, పూటకొకటి. వాటితో తగ్గలేదు, 1422న నెత్తురు పడింది. బిళ్ళల డబ్బా మూటలో పెట్టాను. దగ్గు గురించి నేను ఎక్కడెక్కడ "మోటారు పొగ" అని రాశానో అక్కడల్లా గీత గీశాను. మొదటిది 1371వ రోజు. జబ్బు అప్పటిది.

ఆ బిళ్ళలు పనిచేయకపోతే వేరేవి ఉంటాయని తులసీరావు గారు అన్నారు. ఖరాఖండిగా అనలేదు, అన్నారు. ఉంటే అవి ఇవ్వండి.

ఒక్క సంగతి జాగ్రత్త. ఈయన ఎవరికీ ఇబ్బంది కలగకూడదనుకునే మనిషి. అక్కడ మీ ట్యాంకు చూసినా, పక్క మంచం మనిషిని చూసినా, మందు తక్కువుందని ఎవరైనా అన్నా, తనది సగానికి విరిచి దాస్తాడు. వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాడు. నమ్మకండి. బిళ్ళ మొత్తం నోట్లో పడి, నీళ్ళు తాగి, నాలుక చాపి చూపించేదాకా ఎదురుగా నిలబడండి. ఇన్నాళ్ళూ నేను నిలబడవలసింది అక్కడే.